కిటికీ వైపు వాలిన గది

ఇనప మెట్ల కింద ఆమె వెల్లకిలా పడి ఉంది.

ఒంటి మీద నర్సు యూనిఫాం. ఒక కాలికి చెప్పుంది. రెండో చెప్పు పై మెట్టు మీదే ఆగిపోయింది. తల వెనక నెత్తురు ఎండి నల్లబడింది. కాస్త అవతల రైలు పట్టాలు, పొద్దుటి ఎండలో ఏమీ ఎరగనట్టు మెరుస్తున్నాయి.

చీకటి పడ్డాక ఆ వైపుకి ఎవరూ పోరు. పాల ప్యాకెట్లు వేసేవాడు ఆరింటికి చూశాడు. ఆరున్నరకి స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ వచ్చి మెట్ల మొదట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మంత్రిగారి బందోబస్తు ముగించుకుని ఇన్‌స్పెక్టరమ్మ బయల్దేరేసరికి ఎనిమిదిన్నర దాటింది.

జీపు ఎస్సై నడుపుతున్నాడు.

"పెళ్ళికొడుకువి. ఆ మొహమేంటయ్యా, ఉతికి పిండేసినట్టు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"రాత్రంతా బందోబస్తు కదక్కా. నిద్ర లేదు."

నలుగురిలో ఉంటే మేడం అంటాడు. ఇద్దరే ఉంటే అక్కా అంటాడు. ఆమె భర్త ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వరండాలో బెంచీ మీద పడుకున్నది అతనే. ఆయన పోయాక ఇంటికి గ్యాస్ బండ మోసుకొచ్చిందీ అతనే. అందుకే డీఎస్పీగారు తన కూతురికి సంబంధం చూస్తున్నానని చెప్పినప్పుడు ఆమె వెనకాముందూ చూడలేదు. "నా తోడబుట్టినవాడి లాంటివాడు సార్. వాడికి పూచీ నాది," అనేసింది. వచ్చే నెలలో పెళ్ళి.

"ఈ పేటలోకి ఎప్పుడైనా వచ్చావా?" అని అడిగింది.

"ఇదే రావడమక్కా. పట్టాల పక్కనే కాపరాలేంటి, చెవులు పనిచేస్తాయా వీళ్ళకి? నేను రైలు మొహం చూసిందే ఉద్యోగానికి సెలెక్టయ్యాక. మా ఊళ్ళో బస్సుకే గతిలేదు."

ఆమె నవ్వింది.

వీధి వైపు నుంచి చూస్తే ఆ ఇల్లు మామూలుగానే ఉంది. కింద ముందు భాగంలో వాచీలు బాగుచేసే చిన్న కొట్టు. వెనక రెండు గదుల్లో ఇంటావిడ కాపరం. బట్టలు కుడుతుంది. మేడ మీద ఒక్కటే గది. దానికి దారి ఇంటి లోపలి నుంచి లేదు. వెనక పట్టాల వైపున్న ఇనప మెట్లే దారి. చనిపోయిన నర్సు ఆ గదిలోనే మూడేళ్ళుగా అద్దెకుంటోంది.

"మీరు వెనక్కి పదండి మేడం. ఈ కొట్టువాణ్ణి రెండు ముక్కలు అడిగి వస్తా," అన్నాడు ఎస్సై.

ఆమె సందులోంచి వెనక్కి నడిచింది. హెడ్డు లేచి సెల్యూట్ కొట్టాడు. పోలీసు డాక్టరు అప్పటికే శవం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"పడిందా?"

"పడలేదు, పడేశారు," అన్నాడు డాక్టరు. "రెండు మణికట్ల మీదా వేళ్ళ గుర్తులున్నాయి. గట్టిగా పట్టుకుని విదిలించి తోశారు. నిన్న సాయంత్రం ఏడుకీ ఎనిమిదికీ మధ్య."

ఈలోగా ఎస్సై వచ్చాడు. శవం పక్కన పడి ఉన్న నర్సు బ్యాగులోంచి తాళంచెవి తీశాడు. ఆ గది తలుపు మూస్తే దానంతటదే తాళం పడే రకం.

"మీరు డాక్టరుగారితో మాట్లాడుతూ ఉండండి మేడం. పైన నేను చూసి పిలుస్తా. మీ మోకాళ్ళకి ఈ మెట్లు రెండుసార్లు ఎందుకు?"

మోకాళ్ళ సంగతి గుర్తుపెట్టుకునే మనిషి ఇంకొకడు ఎవడున్నాడు, అనుకుంది ఆమె.

తొమ్మిదీ పదికి ఎస్సై పైకెళ్ళాడు. కాసేపటికి ఫోటోగ్రాఫర్‌ని పిలిచాడు. ఆ తర్వాత ఆమెను పిలిచాడు.

చిన్న గది. మంచం, బల్ల, కుర్చీ. గోడకి ఒక చెక్క అల్మరా. అల్మరా అరలకు కిటికీ వైపున సన్నటి కర్రబద్ద మేకులతో కొట్టి ఉంది. ఆ బద్దకు ఆనుకుని రెండు గ్లాసులు. ఒకటి స్టీలుది, ఒకటి గాజుది. కిటికీ కింద నేల మీద దువ్వెన, మాత్రల రేకు, కాటుక డబ్బా, సూదుల పెట్టె చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"పెనుగులాట జరిగింది మేడం. వస్తువులెలా పడ్డాయో చూడండి," అన్నాడు ఎస్సై. "ఇక ఇది చూడండి."

బల్ల మధ్యలో నల్లటి గొట్టంలాంటి చిన్న వస్తువు. వాచీలు రిపేరు చేసేవాళ్ళు కంటికి తగిలించుకునే అద్దం.

"కింద కొట్టువాడిదేనా?"

"ఇంకెవరిది మేడం? ఇంటావిడ తమ్ముడు వాడు. ఈ నర్సుని పెళ్ళి చేసుకోవాలని తిరుగుతున్నాడట. ఈ గదికి రెండో తాళంచెవి వాళ్ళింట్లోనే మేకుకి వేలాడుతోంది."

ఫోటోగ్రాఫర్ అప్పటికే దాన్ని ఫోటో తీశాడు. ఎస్సై ఆ అద్దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుని రిపోర్టు మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ పెన్ను పక్కన పెట్టి తలెత్తాడు.

"నిన్న సాయంత్రం వాడు పైకొచ్చి..."

మాట ఆపాడు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నాడేమో అనుకుంది ఆమె. అతని ఎడమ అరచెయ్యి కిటికీ వైపు బల్ల అంచుకి వెళ్ళి దోసిలిలా ఆగింది.

అప్పుడు నేల అదిరింది. కిటికీ రెక్కలు టకటకా కొట్టుకున్నాయి. గదిలో వెలుగూ చీకటీ ఒకదాన్నొకటి తరుముకున్నాయి. ఇన్‌స్పెక్టరమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. బల్ల మీది పెన్ను మెల్లగా కదిలి, దొర్లి, వచ్చి ఎస్సై అరచేతిలో పడింది.

రైలు పోయింది.

"...గొడవపడి ఉంటాడు మేడం," అన్నాడు ఎస్సై.

చురుకైన చెయ్యి, అనుకుంది ఆమె. అంతకన్నా ఏమీ అనుకోలేదు.

*

వాచీల తమ్ముడికి ముప్పై అయిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి. ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది, ఏళ్ళ తరబడి ఆ అద్దం పెట్టుకుని.

శవాన్ని తీసుకెళ్ళాక మెట్ల దగ్గరే ఎస్సై అడుగుతున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ వింటోంది.

"నిన్న సాయంత్రం ఏడింటికి ఎక్కడున్నావు?"

"కొట్లో."

"ఎవరు చూశారు?"

"గడియారాలు చూశాయి."

"వెటకారమా?"

"కాదు సార్. మా అక్క బట్టలివ్వడానికి వెళ్ళింది. నేనొక్కణ్ణే ఉన్నాను. అబద్ధమాడమంటారా?"

"ఆవిడంటే ఇష్టమా?"

అతను తల దించుకున్నాడు. "ఆవిడ గడియారం బాగుచేసిచ్చాను. నాలుగుసార్లు."

"అంత పాడు గడియారమా?"

"మంచిదే సార్. నేనే సరిగ్గా బాగుచెయ్యలేదు. మళ్ళీ వస్తుందని."

పక్కనున్న హెడ్డు మొహం అటు తిప్పుకున్నాడు.

"పెళ్ళి సంగతి అడిగావా?"

"అడిగాను. ఇంకొకరున్నారని చెప్పింది. పోనీలే అనుకున్నాను."

"పోనీలే అనుకున్నవాడివి పైకెందుకెళ్ళావు?" ఎస్సై కవర్ బయటికి తీశాడు. "ఇది నీదేనా?"

"నాదే."

"పై గదిలో దొరికింది."

అతను వంగి దాన్ని చూశాడు. "నాకు ఇలాంటివి రెండున్నాయి సార్. పొద్దున కొట్టు తెరిచినప్పుడు రెండూ నా బల్ల మీదే ఉన్నాయి."

"అయితే దీనికి కాళ్ళొచ్చాయన్నమాట. మెట్లెక్కి వెళ్ళింది."

అతని మాట అతనికే నమ్మశక్యంగా లేదు.

"సాయంత్రం కోర్టు మూసేలోపు మేజిస్ట్రేటు ముందు పెట్టేద్దాం మేడం. రిమాండుకి పోతాడు. కేసు ఒక్క రోజులో తేలిపోయింది," అన్నాడు ఎస్సై. గొంతులో తొందర. పాపం నిద్ర లేదు, అనుకుంది ఆమె.

"నువ్వు స్టేషన్‌కి తీసుకెళ్ళు. మూడింటికి మళ్ళీ ఇక్కడికి తీసుకురా. ఇంటావిడ వాంగ్మూలం నేను తీసుకుంటాను."

ఇంటావిడ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కుట్టడం లేదు. తమ్ముణ్ణి జీపులో ఎక్కిస్తుంటే గుమ్మం దాకా వెళ్ళి, అతని చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టి వచ్చింది. ఏడవలేదు. ఇన్‌స్పెక్టరమ్మను కూర్చోమని, టీ పెట్టి తెచ్చింది.

"వాడు చీమను కూడా అదిలించడమ్మా. అమ్మ పోయాక నేనే పెంచాను. జైలుకెళ్ళి బతికొచ్చే రకం కాదు వాడు."

"నర్సు దగ్గరికి ఎవరైనా వచ్చేవారా?"

"వచ్చేవాడు. కానీ నేను మనిషిని చూడలేదు. వెనక పట్టాల వెంబడి వచ్చేవాడు. రైలు పోతున్నప్పుడు మెట్లెక్కేవాడు, రైలు పోతున్నప్పుడే దిగేవాడు. ఎవరే అతను అంటే, పెళ్ళయ్యాక చూపిస్తా అక్కా, పెద్ద ఉద్యోగం, ఇప్పుడే బయటపడితే అతనికి ఇబ్బంది అనేది. మూడేళ్ళు నా చేతి అన్నం తిని, నాకు ఆ మొహం చూపించకుండానే..."

దడదడమంటూ రైలు చప్పుడు. ఇన్‌స్పెక్టరమ్మ ఉలిక్కిపడి తన గ్లాసు పట్టుకుంది.

"...పోయింది పిచ్చిది," అంటూ ఇంటావిడ మాట పూర్తిచేసింది. గ్లాసు వైపు చూసి, అంత దుఃఖంలోనూ చిన్నగా నవ్వింది. "అది దూరం లైను అమ్మా. దానికి కంగారుపడితే ఇక్కడ సంసారం చెయ్యలేం. దగ్గర లైను వేరు."

"రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది?"

"ఎలాగంటే..."

ఇంటావిడ ఆగింది. కుడిచెయ్యి వెళ్ళి తన గ్లాసు మీద మూతలా కూర్చుంది. ఎడమచెయ్యి ఇన్‌స్పెక్టరమ్మ గ్లాసును బల్ల నడిమికి జరిపింది. గదిలో ఏ చప్పుడూ లేదు. ఇన్‌స్పెక్టరమ్మ చెవులు రిక్కించింది. ఏమీ లేదు.

ఆ తర్వాత వచ్చింది రైలు. గోడ మీది క్యాలెండర్ ఊగింది. గిన్నెలు గలగలమన్నాయి. అది వెళ్ళిపోయాక ఇంటావిడ చెయ్యి తీసేసింది.

"...ఎలాగంటే ఏం చెప్పను? తెలుస్తుందంతే," అంది.

ఇన్‌స్పెక్టరమ్మ ఆమెనే చూస్తోంది. "రైలు రాకముందే మాట ఆపారు. గ్లాసు మూశారు."

"ఆపానా?"

"ఆపారు."

"ఏమోనమ్మా. నాకు తెలియదు. చెయ్యే వెళ్తుంది. అరికాళ్ళకి ముందు తెలుస్తుంది కాబోలు. కొత్తగా వచ్చినవాళ్ళు నాలుగు గ్లాసులు పగలగొడతారు. ఆర్నెల్లో ఏడాదో గడిచాక చెయ్యి దానంతటదే నేర్చుకుంటుంది. ఇంట్లో ఎవరూ నేర్పక్కర్లేదు. పై గదైతే మరీను. ఇన్నేళ్ళ అదురుకి ఆ నేల కిటికీ వైపు వాలిపోయింది. బల్ల మీద ఏం పెట్టినా రైలొచ్చిందంటే కిటికీ కిందికి పోవలసిందే. నర్సమ్మ అందుకే అల్మరాకి బద్ద కొట్టించుకుంది. బల్ల మీదివి మటుకు రోజూ పొద్దున్నే ఏరుకునేది."

"కిటికీ కింద దువ్వెన, మాత్రలు పడి ఉన్నాయి. పెనుగులాట అన్నాడు మా ఎస్సై."

"పెనుగులాటేంటి తల్లీ? నిన్న సాయంత్రం నుంచి ఎన్ని రైళ్ళు పోయాయి. ఏరిపెట్టడానికి పిల్ల లేదు."

ఇన్‌స్పెక్టరమ్మ చేతిలో టీ చల్లారిపోతోంది.

అన్నీ కిటికీ కిందికి పోయాయి. వాచీ అద్దం ఒక్కటే బల్ల నడిమధ్య ఉంది.

"పొద్దున మేం పైకెళ్ళేముందు దగ్గర లైను మీద ఏదైనా పోయిందా?"

"ఎనిమిదీ యాభైకి పాసింజరు పోతుంది. పోయింది. శవం అక్కడుంది, మీ హెడ్డుగారు టోపీ తీసి నిలబడ్డాడు, అప్పుడే."

ఆమె లేచి వెనక్కి వెళ్ళింది. హెడ్డు స్టూలు మీదే ఉన్నాడు.

"ఆరున్నర నుంచి ఈ మెట్లెవరైనా ఎక్కారా?"

"ఎస్సైగారే మొదటమ్మా. నేను కదిల్తే ఒట్టు. టీకి కూడా వెళ్ళలేదు. నా మొహం చూస్తే తెలియడం లేదూ, టీ పడని మొహం?"

"ఆయన వెనకాల ఎవరు?"

"ఫోటో అతను. తర్వాత మీరు."

ఆమె అక్కడే నిలబడిపోయింది. అద్దం నిన్న సాయంత్రం నుంచి బల్ల మీద ఉంటే, ఎనిమిదీ యాభై పాసింజరుకి కిటికీ కింద పడి ఉండాలి. పడలేదు. అంటే దాని తర్వాత వచ్చింది. ఆ తర్వాత గదిలో ఒంటరిగా ఉన్నది ఒక్కడే.

కావచ్చు, కేసు త్వరగా తేలాలని చేసి ఉండొచ్చు. కుర్రతనం, తొందర. తప్పే, కానీ హత్య కాదు కదా. ఆమె మనసు ఆ చివరి గడ్డిపోచను పట్టుకుంది.

అప్పుడు ఆ అరచెయ్యి గుర్తొచ్చింది. బల్ల అంచున దోసిలిలా ఆగి, రాబోయేదాని కోసం చూసిన అరచెయ్యి.

మోకాళ్ళు నొప్పెడుతున్నా ఆమె మెట్లెక్కింది. బల్ల దగ్గర కూర్చుంది. తన పెన్ను బల్ల మీద పెట్టి రైలు కోసం కాచుక్కూర్చుంది. మొదటిసారి పెన్ను కింద పడింది. రెండోసారి కూడా పడింది. అరికాళ్ళు నేలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, మనసంతా పెట్టినా, మూడోసారీ చెయ్యి ఆలస్యమైంది. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి చెయ్యి.

అల్మరాలో ఆ గాజు గ్లాసు కనిపించింది. నర్సు ఎప్పుడూ స్టీలు గ్లాసుతోనే తాగేదని కింద ఇంటావిడ చెప్పింది. గాజుది ఆ మనిషిది. మూడేళ్ళలో అది పగల్లేదు.

ఆమె జేబురుమాలుతో దాన్ని జాగ్రత్తగా తీసి కవర్లో పెట్టి, హెడ్డు చేతికిచ్చి ల్యాబుకి పంపింది. తర్వాత మంచం అంచున కూర్చుంది. డీఎస్పీగారి ఇంట్లో తను తాగిన కాఫీ, అన్న మాట గుర్తొచ్చాయి. వాడికి పూచీ నాది.

*

మూడింటికి జీపు వచ్చింది.

"రిమాండు రిపోర్టు ఇక్కడే రాసేద్దాం," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఇంటావిణ్ణి కూడా పైకి రమ్మన్నాను. సంతకం కావాలి."

గదిలో నలుగురూ ఇరుకుగా సర్దుకున్నారు. వాచీల తమ్ముడు బేడీలతో తలుపు దగ్గర. అతని పక్కన అక్క. గుమ్మం బయట మెట్ల మీద అడ్డంగా, ల్యాబు నుంచి తిరిగొచ్చిన హెడ్డు. ఎస్సై బల్ల ముందు కుర్చీలో. ఆమె మంచం మీద.

"ఆ అద్దం ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. ఆమె దాన్ని కవర్లోంచి జేబురుమాలుతో తీసి బల్ల మధ్యలో పెట్టింది. ఫోటోలో ఎక్కడుందో సరిగ్గా అక్కడే.

"ఊ, చెప్పు. ఏం జరిగింది?"

"సింపుల్ మేడం." ఎస్సై వాచీల తమ్ముడి వైపు వేలు చూపించాడు. "పెళ్ళికి ఒప్పుకోలేదని కక్ష పెట్టుకున్నాడు. అక్క బయటికెళ్ళే టైం చూసుకున్నాడు."

దూరం లైను మీద రైలు పోయింది. ఇన్‌స్పెక్టరమ్మ ఉలిక్కిపడింది. ఎస్సై మాట ఆపలేదు.

"రెండో తాళంచెవితో లోపలికొచ్చి కాసుక్కూర్చున్నాడు. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చింది. మాటామాటా పెరిగింది. ఆవిడ బయటికి పరిగెత్తింది. మెట్ల మీద..."

ఆగాడు.

ఇంటావిడ చెయ్యి అల్మరా మీద ఆనింది. వాచీల తమ్ముడి బేడీల చేతులు పక్కనున్న తలుపు రెక్కను పట్టుకున్నాయి. ఎస్సై ఎడమ అరచెయ్యి బల్ల అంచుకి వెళ్ళి దోసిలిలా ఆగింది.

గదిలో నిశ్శబ్దం. ఇన్‌స్పెక్టరమ్మకి ఏమీ తెలియడం లేదు. అరికాళ్ళకి గానీ చెవులకి గానీ ఏమీ అందలేదు. ఆమె ఆ అరచేతినే చూస్తోంది. తీసెయ్యి, అనుకుంది. దేవుడా, వాడు ఆ చెయ్యి తీసేస్తే బాగుండు.

గది అదిరింది. వాచీ అద్దం బల్ల మీద వణికి, జారి, జారి, వెళ్ళి అతని అరచేతిలో పడింది.

రైలు వెళ్ళిపోయింది.

"...మెట్ల మీద పట్టుకుని తోసేశాడు," అన్నాడు ఎస్సై.

అందరూ ఎక్కడ చూస్తున్నారో చూసి, అతను తన చేతి వైపు చూసుకున్నాడు.

"ఈ పేటకి ఇవాళే మొదటిసారి వచ్చావు కదూ?" అంది ఆమె.

"అవును మేడం."

"రైలు మొహం చూసింది ఉద్యోగానికొచ్చాకనే కదూ?"

"అవును. ఏదో చెయ్యి అలా..."

"ఇందాక దూరం లైను మీద పోయింది. నేను ఎగిరిపడ్డాను. నీకు చీమ కుట్టినట్టు కూడా లేదు. దగ్గర లైను మీదిది రాకముందే మాట ఆపావు. చెయ్యి పెట్టావు. బల్లకి నాలుగంచులున్నాయి. కిటికీ వైపే ఎందుకు పెట్టావు? పొద్దున పెన్నుకీ అంతే చేశావు. మధ్యాహ్నమంతా ఇక్కడ కూర్చుని నేర్చుకోబోయాను. నా వల్ల కాలేదు. ఏడాదైనా పడుతుందట."

"చెయ్యి సాక్ష్యం కోర్టులో నిలవదు మేడం."

పోలీసు గొంతు. తను నేర్పిన గొంతే.

"నిలవదు. ఫోటో నిలుస్తుంది. ఎనిమిదీ యాభైకి దగ్గర లైను మీద పాసింజరు పోయింది. రాత్రి నుంచి ఉన్న ప్రతి వస్తువూ కిటికీ కింద పడింది. నువ్వు తొమ్మిదీ పదికి తలుపు తీశావు. తర్వాత తీసిన ఫోటోలో ఈ అద్దం బల్ల నడిమధ్య కూర్చుని ఉంది. ఫోటో అతను వచ్చేలోపు ఈ మెట్లెక్కింది నువ్వొక్కడివే. కొట్టువాణ్ణి రెండు ముక్కలు అడిగి వస్తానన్నావే, అప్పుడు తీశావు."

ఎస్సై పెదాలు తడుపుకున్నాడు. "ఈ గది సంగతి అంత బాగా తెలిసినవాణ్ణయితే అలా బల్ల మీద పెడతానా?"

"అదే నేనూ ఆలోచించాను. నీ చేతికి తెలుసు. నీకు తెలియదు. ఈవిడ్ని అడిగితే ఈవిడకీ తెలియదంది. ఇన్నేళ్ళు ఈ గదిలో చేసిన పని కదా, చేస్తున్నట్టే తెలియకుండా పోయింది." ఆమె అల్మరా వైపు చూపించింది. "నీ గాజు గ్లాసు ల్యాబుకి పోయింది. తుడిచే ఉంటావు. అడుగున తుడవడం చాలామంది మర్చిపోతారు. ఆ పిల్ల ఫోన్ కాల్స్ కూడా కంపెనీ వాళ్ళని అడిగాను. అవి వచ్చేలోపు నువ్వే చెబుతావేమోనని చూస్తున్నాను."

ఎస్సై ఆ అద్దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. పెట్టాక దానికి అడ్డంగా వేలు ఉంచాడు, జారకుండా. తర్వాత ఆ వేలు చూసుకుని వెనక్కి తీసుకున్నాడు.

"చంపాలనుకోలేదు," అన్నాడు.

వాచీల తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు.

"పెళ్ళి కుదిరిందని తనకి ఎవరో చెప్పారు. నిన్న బందోబస్తు మధ్యలో వచ్చాను. నచ్చజెప్పాలనే వచ్చాను. వినలేదు. డీఎస్పీగారింటికి పోతానంది. మెట్లు దిగబోయింది. చేతులు పట్టుకున్నాను. గూడ్సు పోతోంది. తను ఏం అరుస్తోందో నాకు వినపడలేదు. విదిలించాను అంతే."

"తర్వాత?"

"దిగి చూశాను. ఊపిరి లేదు."

"చూసి, వెళ్ళి, మంత్రిగారి కారు పక్కన నిలబడ్డావు. పొద్దున నా జీపు నడిపావు. నా మోకాళ్ళ సంగతి గుర్తుపెట్టుకున్నావు." ఆమె గొంతు పెరగలేదు. "వీణ్ణి జైలుకి పంపబోయావు. ఇంకో గంట ఆగితే నా సంతకంతోనే పంపేదాన్ని."

ఎస్సై తల దించుకున్నాడు.

"ఆ పిల్ల నన్ను నమ్మక, అతనెవరో చెప్పలేదని మూడేళ్ళు కోపగించుకున్నాను," అంది ఇంటావిడ, ఎవరితోనూ కాదన్నట్టు. "ఇతని ఉద్యోగం కాపాడటానికన్నమాట."

ఇన్‌స్పెక్టరమ్మ లేచింది. హెడ్డుకి సైగ చేసింది. హెడ్డు వాచీల తమ్ముడి బేడీలు విప్పాడు. ఆ బేడీలే తీసుకొచ్చి ఎస్సై ముందు నిలబడ్డాడు. "చేతులివ్వండి సార్," అన్నాడు. ఆ 'సార్' అలవాటుగా వచ్చేసింది. దాన్ని వెనక్కి ఎలా తీసుకోవాలో తెలియక మొహం చిట్లించుకుని బేడీలు వేశాడు.

ఆమె ఫోన్ తీసింది. డీఎస్పీగారి నంబరు నొక్కింది.

"సార్, నేను. అబ్బాయి విషయంలో మీకు నేనొక మాటిచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. లేదు సార్, ఫోన్లో కాదు. వచ్చి చెబుతాను. పూచీ ఇచ్చింది నేనే కాబట్టి, మీ అమ్మాయికి కూడా నేనే చెబుతాను."

పెట్టేసింది.

తలుపు దగ్గర ఇంటావిడ తమ్ముడి మణికట్లు రుద్దుతోంది. "అన్నం తిన్నావా? ముందు కిందికి పద, ఆ కొట్టు..." అంటోంది.

ఎస్సై తలెత్తాడు. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. నలుగురిలో ఎప్పుడూ అనని పిలుపు పిలిచాడు.

"అక్కా, నేను నీకు..."

ఆగాడు.

ఇంటావిడ కూడా మాట మధ్యలో ఆగిపోయింది. ఎస్సై బేడీల చేతులు రెండూ ఒక్కసారే లేచి బల్ల అంచుకి వెళ్ళి, అక్కడ దోసిలి పట్టాయి. ఇన్‌స్పెక్టరమ్మ ఏ చప్పుడూ వినపడని ఆ గదిలో నిలబడి, వచ్చేదాని కోసం ఎదురుచూసింది.

రైలు వచ్చింది. పొడుగాటి గూడ్సు. పెట్టె తర్వాత పెట్టె, కిటికీలో వెలుగూ నీడా. వాచీ అద్దం జారి అతని దోసిలిలో పడింది. చివరి పెట్టె దాటిపోయింది. గది సద్దుమణిగింది.

"...ఆ కొట్టు తెరిచే ఉంది, తాళం వెయ్యి," అంది ఇంటావిడ, తమ్ముడితో.

ఆ పేటలో అందరూ మాట ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మొదలుపెడతారు. ఇన్‌స్పెక్టరమ్మ కాసేపు చూసింది.

ఎస్సై దోసిట్లో ఉన్న అద్దాన్నే చూస్తున్నాడు. మాట మొదలుపెట్టలేదు.

ఆమె అడగలేదు. అద్దం తీసుకుని కవర్లో వేసి, మోకాలి మీద చెయ్యి వేసుకుని, ఒక్కొక్క మెట్టే దిగింది.